ఎమ్మెస్సీ ఫోరెన్సిక్ సైన్స్: రెండేళ్లలో నిజంగా చేతికి రావాల్సిన పని ఏది?

#1 తార్నాక_బాట

అందరికీ నమస్కారం. బీఎస్సీలో మైక్రోబయాలజీ, జెనెటిక్స్, కెమిస్ట్రీ చదివినవాళ్లు ఉస్మానియాలో ఎమ్మెస్సీ ఫోరెన్సిక్ సైన్స్‌కి రావాలంటే సీపీగెట్ అనే పీజీ ప్రవేశ పరీక్ష రాయాలన్నంతవరకు తెలిసింది. సబ్జెక్టుల పేర్లు చూస్తే సీరాలజీ (రక్తం, శరీర ద్రవాల పరీక్ష), టాక్సికాలజీ (విషాల పరీక్ష), బాలిస్టిక్స్ (తుపాకులు, తూటాల పరీక్ష), వేలిముద్రలు, దస్తావేజులు, సైబర్, క్రిమినల్ లా అన్నీ ఉన్నాయి. ఇన్ని రెండేళ్లలో చదివితే ఏదీ సరిగ్గా పట్టుబడదేమో అని అనుమానం.

అడగాల్సినవి మూడు. ప్రాక్టికల్స్‌లో ఏది బాగా నేర్చుకోవాలి? నేర పరిశోధన పోలీసుల పని కదా, మన వంతు ఎంత? హైదరాబాద్‌లో ఉండేవాళ్లు ఏ విభాగం వైపు వెళ్తే మంచిది? సీరియళ్లలో చూపించేది వద్దు, బెంచి మీద జరిగేది చెప్పండి.

#2 రెడ్‌హిల్స్_నోట్స్

తమ్ముడూ, మూడో ప్రశ్న నుంచి మొదలుపెడతా. మిగతా రెండింటికీ దారి అక్కడే దొరుకుతుంది.

ఈ చదువుకి హైదరాబాద్‌ని మించిన ఊరు దక్షిణాదిలో తక్కువ. రాష్ట్ర ఫోరెన్సిక్ ల్యాబ్ రెడ్‌హిల్స్‌లో ఉంది. కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబ్ రామంతాపూర్‌లో ఉంది, అనుమానాస్పద దస్తావేజులు పరీక్షించే కేంద్ర కార్యాలయం కూడా ఆ పక్కనే. డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ కోసమే పుట్టిన సీడీఎఫ్‌డీ ఉప్పల్‌లో, కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ హబ్సిగూడలో. అంటే పుస్తకంలో చదివే ప్రతి విభాగానికీ పనిచేసే ల్యాబ్ ఒకటి సిటీ బస్సు దూరంలోనే ఉంది.

ఉద్యోగాల సంగతికొస్తే, రాష్ట్ర ల్యాబ్ పోస్టులు పోలీసు నియామక మండలి ద్వారా భర్తీ అవుతాయి. అవి విభాగాల వారీగా ఉంటాయి, ఏ విభాగానికి ఏ డిగ్రీ కావాలో నోటిఫికేషన్‌లో విడివిడిగా రాస్తారు. కెమిస్ట్రీ విభాగానికి కెమిస్ట్రీ పునాది, డీఎన్ఏకి జీవశాస్త్రం పునాది అడుగుతారు. అందుకని నీ బీఎస్సీ సబ్జెక్టుని వదిలెయ్యకు. ఫోరెన్సిక్ చదువు దాని మీద కట్టే రెండో అంతస్తు అనుకో. మైక్రో, జెనెటిక్స్ చదివావు కాబట్టి సీరాలజీ, డీఎన్ఏ సహజంగా నీ దారి. కెమిస్ట్రీ బలంగా ఉంటే టాక్సికాలజీ కూడా పెట్టుకోవచ్చు.

లెక్చరర్ పోస్టులకి, జేఆర్ఎఫ్‌కి యూజీసీ నెట్‌లో ఫోరెన్సిక్ సైన్స్ విడి సబ్జెక్టుగా ఉంది. గాంధీనగర్‌లోని జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయం ఫ్యాక్ట్ అనే ఫోరెన్సిక్ సామర్థ్య పరీక్ష పెడుతుంది.

ఇంకొకటి, చాలామంది కలిపేసుకునేది: పోస్ట్‌మార్టం చేసేది ఫోరెన్సిక్ మెడిసిన్ డాక్టర్లు. అది ఎంబీబీఎస్ తర్వాత ఎండీ చదువు. మనం చదివేది ఆ డాక్టరు సీసాల్లో పంపినదాన్ని పరీక్షించే శాస్త్రం.

#3 పంచనామా_పేజీ

రెండో ప్రశ్నకి నేను చెప్తాను. "పోలీసుల పని కదా" అన్న మాట 2024 జూలై 1 తర్వాత సగమే నిజం. ఆ రోజు నుంచి అమల్లోకి వచ్చిన నేర విచారణ ప్రక్రియ చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 176వ సెక్షన్ మూడో ఉపవిభాగం చూడు. ఏడేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనా స్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలి, ఆ ప్రక్రియని వీడియో తీయించాలి. దీన్ని పూర్తిగా అమల్లోకి తెచ్చుకోవడానికి రాష్ట్రాలకి ఐదేళ్ల గడువు ఇచ్చారు. సోదాలు, స్వాధీనాలు ఆడియో వీడియో రికార్డు చేయాలని 105వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి మన ఊళ్లో క్లూస్ టీమ్ అని పిలిచే పని ఇకపై పెరిగేదే.

స్థలంలో వరుస ముఖ్యం. ముందు ప్రాణం ఉన్నవాళ్లకి వైద్యం. తర్వాత స్థలాన్ని తాడు కట్టి మూయడం, లోపలికి, బయటికి ఒకటే దారి పెట్టడం, ఎవరు ఎన్నింటికి లోపలికి వచ్చారో రాయడం. ఆ తర్వాతే ఫొటోలు. మొత్తం గది కనిపించేట్టు నాలుగు మూలల నుంచి, తర్వాత వస్తువుకీ పక్క వస్తువుకీ సంబంధం తెలిసేట్టు, చివరికి దగ్గర నుంచి. దగ్గరి ఫొటో రెండుసార్లు: స్కేలు లేకుండా ఒకటి, స్కేలు పెట్టి ఒకటి. కెమెరా ఆ తలానికి నిటారుగా ఉండాలి. పక్క నుంచి తీస్తే కాలిముద్ర పొడవు ఫొటోలో తగ్గిపోతుంది, తర్వాత చెప్పుతో పోల్చడానికి పనికిరాదు.

రఫ్ స్కెచ్‌లో విద్యార్థులు ఎక్కువగా చేసే తప్పు కొలత ఒకే చోటు నుంచి రాయడం. "తలుపుకి 2 మీటర్ల దూరంలో కత్తి" అని రాస్తే ఆ కత్తి అర్ధ వలయంలో ఎక్కడైనా ఉండొచ్చు. కదలని గుర్తులు రెండు తీసుకోవాలి. తలుపు ఎడమ చట్రం అడుగు నుంచి 2.35 మీటర్లు, కిటికీ కింద గోడ మూల నుంచి 3.10 మీటర్లు అని రెండు కొలతలుంటే, ఏడాది తర్వాత ఆ గది ఖాళీగా ఉన్నా కత్తిని మళ్లీ అదే చోట పెట్టగలవు. మంచం, కుర్చీ, పార్క్ చేసిన బండి నుంచి కొలవొద్దు, అవి రేపు అక్కడ ఉండవు. ఉత్తర దిక్కు బాణం మర్చిపోవద్దు.

పంచనామా రాసేది, పంచుల సంతకాలు తీసుకునేది దర్యాప్తు అధికారి. నువ్వు చేసేది: ఏది ఎక్కడ దొరికింది, ఎలా తీశావు, దేంట్లో పెట్టావు. నీ నోట్సులో ఉన్న ఐటం నంబరు, పంచనామాలో ఉన్న నంబరు, కవరు మీద ఉన్న నంబరు మూడూ ఒకటే అయ్యుండాలి. చాలా కేసుల్లో పరీక్ష తప్పు కాదు, ఈ మూడు నంబర్లు కలవకపోవడమే దెబ్బ తీస్తుంది.

#4 కొత్తగా_చేరా

రక్తం అంటిన బట్టని ప్లాస్టిక్ కవర్లో పెట్టొద్దంటారు కదా. తడి కారకుండా ప్లాస్టిక్కే మంచిది కాదా? ఇది ఎప్పుడూ గందరగోళంగానే ఉంటుంది.

#5 సీరాలజీ_బల్ల

కారకుండా ఉంటుంది నిజమే, కుళ్లుతుంది కూడా. తడి బట్టని ప్లాస్టిక్‌లో మూస్తే లోపలి తేమ బయటికి పోదు. మన దగ్గర జూలై, ఆగస్టుల్లో గాలిలోనే తేమ ఉంటుంది, ఒకటి రెండు రోజుల్లో బూజు, బ్యాక్టీరియా పెరిగి డీఎన్ఏని ముక్కలు చేస్తాయి. బట్టని నీడలో, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా, శుభ్రమైన కాగితం మీద పరిచి ఆరబెట్టాలి. మడత పెట్టేటప్పుడు మరక మీద మరక పడకుండా మధ్యలో తెల్ల కాగితం పెట్టి కాగితం కవర్లో వేయాలి. స్థలంలో ఆరబెట్టే వీలు లేకపోతే ల్యాబ్‌కి తెచ్చే ఆ కొద్దిసేపటికి మాత్రం ప్లాస్టిక్ వాడి, వచ్చీ రాగానే విప్పి ఆరబెట్టాలి. ఎండలో ఆరబెట్టొద్దు, అతినీలలోహిత కిరణాలకి డీఎన్ఏ దెబ్బతింటుంది.

తార్నాక_బాట అడిగిన మొదటి ప్రశ్నకి నా జవాబు ఒక్కటే: కంట్రోళ్లు పెట్టడం, అంటే ఫలితం ముందే తెలిసిన నమూనాలని పక్కన పెట్టి పోల్చడం నేర్చుకో. ఏ పరీక్షైనా సరే. మరక రక్తమా కాదా అని మొదట చూసే కాజిల్-మేయర్ రంగు పరీక్ష తీసుకుని చూపిస్తాను, ఎందుకంటే మొదటి సెమిస్టర్‌లోనే ఎదురయ్యేది అదే, అందరూ తేలిగ్గా తీసుకునేదీ అదే.

రీఏజెంట్ (రంగు ఇచ్చే ద్రావణం) ఇలా: ఫినాల్ఫ్తలీన్ 2 గ్రాములు, పొటాషియం హైడ్రాక్సైడ్ 20 గ్రాములు, డిస్టిల్డ్ వాటర్ 100 మి.లీ., జింక్ పొడి 20 గ్రాములు. ముదురు గులాబీ రంగు పూర్తిగా పోయేవరకు రిఫ్లక్స్ చేయాలి, అంటే ఆవిరి చల్లబడి మళ్లీ అందులోకే పడేట్టు మరిగించాలి. చల్లారాక ముదురు రంగు సీసాలో, అడుగున కొద్దిగా జింక్ ఉంచి ఫ్రిజ్‌లో పెట్టాలి. జింక్ లేకపోతే గాలికే మెల్లగా ఆక్సీకరణం చెంది గులాబీ తిరుగుతుంది. వాడేటప్పుడు దాంట్లో 20 మి.లీ.కి 80 మి.లీ. ఇథనాల్ కలుపుకోవాలి.

పరీక్ష: మరక మీద నేరుగా ఏదీ పోయొద్దు. డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన స్వాబ్ (దూది పుల్ల) కొసని మరక అంచుకి తాకించి ఆ స్వాబ్ మీద చేయాలి, లేకపోతే డీఎన్ఏకి మిగలాల్సిన నమూనా పోతుంది. స్వాబ్ మీద ఒక చుక్క ఇథనాల్, తర్వాత ఒక చుక్క రీఏజెంట్. ఇక్కడ ఆగాలి. ఐదారు సెకన్లు చూడాలి. ఈ దశలోనే గులాబీ వస్తే ఆ రంగు రక్తం వల్ల వచ్చింది కాదు, బ్లీచింగ్ పౌడర్ లాంటి ఆక్సీకరణ పదార్థమో, రాగి లవణమో. రంగు రాకపోతేనే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక చుక్క. రక్తమైతే కొన్ని సెకన్లలోనే గులాబీ విరుస్తుంది. పది, పదిహేను సెకన్ల లోపు వచ్చిన రంగునే లెక్కలోకి తీసుకోవాలి. అర నిమిషం దాటాక ఖాళీ స్వాబ్ కూడా గాలికి గులాబీ అవుతుంది. రికార్డులో "పాజిటివ్" అని రాసేవాళ్లు ఉంటారు, ఎన్ని సెకన్లకి వచ్చిందో రాసేవాళ్లు తక్కువ. ఆ సెకన్ల అంకె లేకుండా ఆ మాటకి విలువ లేదు.

పక్కనే రెండు స్వాబులు ఉండాలి. తెలిసిన రక్తం ఒకటి, ఖాళీది ఒకటి. పెరాక్సైడ్ పాతబడితే నీళ్లయిపోతుంది, అప్పుడు అసలు రక్తం కూడా నెగెటివ్ చూపిస్తుంది. తెలిసిన రక్తం రంగు ఇవ్వకపోతేనే ఆ సంగతి నీకు తెలిసేది. ముల్లంగి, ఆలుగడ్డ లాంటి వాటిలో మొక్కల పెరాక్సిడేజ్ ఉంటుంది, అది కూడా రంగిస్తుంది. అనుమానముంటే స్వాబ్ ఎక్స్‌ట్రాక్ట్‌ని మరిగే నీళ్లలో కొన్ని నిమిషాలు పెట్టి మళ్లీ చెయ్యి. మొక్కల ఎంజైమ్ వేడికి చచ్చిపోతుంది, రక్తంలోని హీమ్ పని ఆగదు.

ఇంత చేశాక కూడా అది "రక్తం అయ్యుండవచ్చు" అన్నంతవరకే. చికెన్ షాపు మొద్దు మీది రక్తం కూడా ఇంతే గులాబీగా వస్తుంది. టకయామా స్ఫటికాలు రక్తమని చెబుతాయి, మనిషిదా కాదా అన్నది యాంటీబాడీ పరీక్ష చెబుతుంది. ఆ యాంటీబాడీ స్ట్రిప్ పరీక్షలో ఒక మెలిక ఉంది. నమూనాలో రక్తం మరీ ఎక్కువైతే యాంటీజెన్ నిండిపోయి గీత రాదు, నెగెటివ్ అనిపిస్తుంది. చిక్కటి మరకకి గీత రాకపోతే వందో వంతుకి పలచన చేసి మళ్లీ పెట్టు.

#6 విసెరా_సీసా

సీరాలజీ అక్క కంట్రోళ్ల గురించి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. టాక్సికాలజీలో అది లేకుంటే మనిషిని విషం తాగించి చంపిండ్రని అబద్ధం రాసినట్టే అయితది.

ముందు ఏమొస్తదో తెలుసుకో. డాక్టరు దగ్గర నుంచి మామూలుగా వచ్చేవి: కడుపు, అండ్ల ఉన్న పదార్థం, చిన్నపేగు మొదటి 30 సెంటీమీటర్లు ఒక సీసాల. కాలేయం 500 గ్రాముల దాకా, రెండు మూత్రపిండాల్ల సగం సగం, ప్లీహం ఇంకో సీసాల. రక్తం 10 మి.లీ. విడిగ. విసెరాకి (ఈ లోపలి అవయవాలకి) చెడిపోకుండ కాపుదల సంతృప్త ఉప్పు నీళ్లు. రక్తానికి సోడియం ఫ్లోరైడ్, మి.లీ.కి 10 మిల్లీగ్రాములు, గడ్డ కట్టకుండ పొటాషియం ఆక్సలేట్. వాడిన ఉప్పు నీళ్ల నమూనా కూడా విడిగ ఒక సీసాల పంపాలె. అది లేకపోతే, కాపుదల ద్రావణంలనే ఏదన్న కలిసిందేమో అని కోర్టుల అడిగితే జవాబు ఉండదు. ఫార్మలిన్‌ల పెడితే రసాయన పరీక్షకి చెడిపోయినట్టే, అది హిస్టోపాథాలజీకి. సీసా మూడింట రెండొంతులే నింపాలె. అంచు దాకా నింపితే కుళ్లినప్పుడు వచ్చే గ్యాస్‌కి మూత లేచి కారుతది, సీలు పోతది.

ఇగ మన తెలంగాణల ప్రత్యేకంగ నేర్చుకోవాల్సింది కల్లు. కల్తీ కల్లుల ఏళ్ల నుంచి దొరుకుతున్నవి క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, అల్ప్రజోలామ్. మొదటి దానికి ఫ్యూజివారా పరీక్ష.

కడుపు పదార్థం రంగుతోని ఉంటది కాబట్టి నేరుగ చెయ్యొద్దు. టార్టారిక్ ఆమ్లంతోని ఆమ్లత తెచ్చి ఆవిరి స్వేదనం చెయ్యి, వచ్చిన డిస్టిలేట్‌తోని పరీక్ష చెయ్యి. టెస్ట్‌ట్యూబ్‌ల డిస్టిలేట్ 1 మి.లీ., 20 శాతం సోడియం హైడ్రాక్సైడ్ 1 మి.లీ., పిరిడిన్ 1 మి.లీ. బాగ కలిపి మరిగే నీళ్ల స్నానంల రెండు నిమిషాలు. పైన తేలే పిరిడిన్ పొరల గులాబీ నుంచి ఎరుపు రంగు వస్తే ట్రైక్లోరో సమూహం ఉన్నట్టు. పిరిడిన్ వాసన తలనొప్పి తెస్తది, ఆవిరి మంచిది కాదు, ఫ్యూమ్ హుడ్‌లనే చెయ్యాలె. ట్యూబ్ మూతి మనిషి దిక్కు ఉండొద్దు, క్షారం ఎగజిమ్ముతది.

తప్పు ఎక్కడ వస్తదంటే క్లోరోఫారం కాడ. అది కూడా ఇదే రంగు ఇస్తది. ల్యాబ్‌ల ఎక్స్‌ట్రాక్షన్‌కి వాడేది అదే కదా. పక్క బల్ల మీద క్లోరోఫారం సీసా మూత తీసి ఉంటే, ఆ ఆవిరి తగిలి ఖాళీ ట్యూబ్ కూడా గులాబీ తిరుగుతది. అందుకే డిస్టిల్డ్ వాటర్‌తోని బ్లాంక్ ట్యూబ్, తెలిసిన క్లోరల్ హైడ్రేట్‌తోని ఒక ట్యూబ్, నమూనా ట్యూబ్ మూడు ఒకే నీళ్ల స్నానంల, ఒకే సమయంల పెట్టాలె. బతికున్న మనిషి కేసుల క్లోరల్ హైడ్రేట్ రక్తంల ఎక్కువసేపు ఉండదు, శరీరంల ట్రైక్లోరో ఇథనాల్‌గ, ట్రైక్లోరో ఎసిటిక్ ఆమ్లంగ మారుతది. మూత్రంల దొరికేవి అవి.

ఫ్యూజివారా నెగెటివ్ వచ్చిందని కల్లు మంచిదని రాయొద్దు. అల్ప్రజోలామ్ దీనికి చిక్కదు. దానికి క్షార పీహెచ్‌ల ఎక్స్‌ట్రాక్షన్ చేసి టీఎల్‌సీ (పలుచని పొర ప్లేటు మీద పదార్థాలు విడదీసే పద్ధతి) పెట్టాలె, డ్రాగెన్‌డార్ఫ్ రీఏజెంట్ చల్లితే నారింజ రంగు మచ్చ వస్తది. ఇక్కడ ఇంకో ముడి ఉంది. క్షారం తగిలితే క్లోరల్ హైడ్రేట్ విరిగి క్లోరోఫారం అయితది. రెంటికీ ఒకటే భాగం వాడితే మొదటిది పోయినట్టే. నమూనాని మొదట్లనే రెండుగ పంచుకోవాలె.

#7 ఎంఎస్_డిటెక్టర్

ఇవన్నీ పాత పద్ధతులు కదండీ. జీసీ-ఎంఎస్ (పదార్థాలని విడదీసి గుర్తించే యంత్రం) ఉన్న ల్యాబ్‌లో రంగు పరీక్షలతో కాలం ఎందుకు? రెండేళ్లూ యంత్రం మీదే పెడితే ఉద్యోగానికి ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం.

#8 విసెరా_సీసా

యంత్రం నేర్చుకోవద్దని ఎవరన్నరన్నా? ధ్రువీకరించాల్సింది యంత్రంతోనే. కాని జీసీ-ఎంఎస్‌ల ఏ దిక్కు వెతకాలెనో రంగు పరీక్ష, టీఎల్‌సీ చెప్తయి. పురుగు మందు కేసుల మూత తీయంగనే కిరోసిన్ లాంటి వాసన వస్తే ఆర్గానోఫాస్ఫరస్ అని అనుమానం, దాన్నిబట్టి ఎక్స్‌ట్రాక్షన్ పద్ధతి ఎంచుకుంటం. సిలికా జెల్ ప్లేటు మీద హెక్సేన్, అసిటోన్ 4:1ల పరిగెత్తించి, పక్కన మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్ ప్రమాణాలు పెట్టి ఆర్ఎఫ్ (మచ్చ ఎంత దూరం పోయిందో ఆ నిష్పత్తి) పోలుస్తం.

యంత్రంల కూడా అదే బ్లాంక్ జబ్బు ఉంది. ముందు పెట్టిన గాఢమైన నమూనా కాలమ్‌ల మిగిలి, తర్వాతి దాంట్ల చిన్న పీక్‌గ కనిపిస్తది. అందుకే ప్రతి కేసు నమూనా ముందు ఒక సాల్వెంట్ బ్లాంక్ నడపాలె. లైబ్రరీ 90 శాతం పోలిక చూపించిందని పేరు రాసేస్తే సరిపోదు, అదే రోజు, అదే కాలమ్ మీద నడిపిన ప్రమాణంతోని రిటెన్షన్ టైమ్ (కాలమ్ దాటి బయటికి వచ్చే సమయం) కలవాలె.

#9 ఎంఎస్_డిటెక్టర్

బ్లాంక్ సంగతి ఒప్పుకుంటున్నాను. ఇంటర్నల్ స్టాండర్డ్ (తెలిసిన మోతాదులో కలిపే పోలిక పదార్థం) కూడా మొదటి అడుగులోనే, ఎక్స్‌ట్రాక్షన్‌కి ముందే కలపాలి. చివర్లో కలిపితే మధ్యలో ఎంత పోయిందో లెక్క తేలదు.

#10 గీతల_లెన్స్

వేలిముద్రల గురించి కొంచెం. అందరూ నల్ల పొడి, బ్రష్ అనుకుంటారు. ఉపరితలం చూసి పద్ధతి ఎంచుకోవాలి. గాజు, ఉక్కు మీద పొడి. ప్లాస్టిక్ కవరు మీద సూపర్ గ్లూ ఆవిరి, గదిలో తేమ 80 శాతం దగ్గర ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర గాలి ఎండిపోయి ఉంటుంది, గదిలో వేడి నీళ్ల గిన్నె పెట్టకపోతే గీతలు సరిగ్గా తేలవు. కాగితం మీద నిన్‌హైడ్రిన్, అది చెమటలోని అమైనో ఆమ్లాలతో కలిసి ఊదా రంగు ఇస్తుంది. తడిసిన కాగితానికి నిన్‌హైడ్రిన్ పనిచేయదు, అమైనో ఆమ్లాలు నీళ్లతో కొట్టుకుపోతాయి, అప్పుడు కొవ్వుని పట్టుకునే ఫిజికల్ డెవలపర్ కావాలి. డీఎఫ్ఓ (కాగితం మీద ముద్రలకి వాడే ఇంకో రసాయనం) వాడేట్టయితే నిన్‌హైడ్రిన్ కన్నా ముందే.

దస్తావేజు మీద చేతిరాత కూడా పరీక్షించాలంటే ముందు దాన్ని డాక్యుమెంట్స్ విభాగానికి ఇవ్వాలి. నిన్‌హైడ్రిన్ ద్రావణానికి కొన్ని సిరాలు పారిపోతాయి. ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్నది రెండు విభాగాలూ మాట్లాడుకోకపోతే ఒక ఆధారం ఇంకోదాన్ని చంపేస్తుంది.

1897లో కలకత్తాలో మొదలైన వేలిముద్రల బ్యూరోలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ లెక్కలు కట్టిన వర్గీకరణకే వాళ్ల పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీ పేరు వచ్చింది. విద్యార్థులు ఆ ఇద్దరి పేర్లూ గుర్తుపెట్టుకోవాలని నా కోరిక.

#11 ఉప్పల్_లోకస్

డీఎన్ఏ గురించి అడుగుతావని తెలుసు, అందుకే రాస్తున్నా. ఇంగ్లండులో అలెక్ జెఫ్రీస్ 1984లో డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ కనిపెట్టాక, మన దేశానికి సొంత ప్రోబుతో (వెతికే చోటుకి అతుక్కునే డీఎన్ఏ ముక్కతో) ఈ పద్ధతిని నిలబెట్టింది ఇక్కడే, సీసీఎంబీలో లాల్జీ సింగ్. ఆ ప్రోబు పద్ధతికి మరక పెద్దది కావాలి. ఇప్పటి ఎస్టీఆర్ (డీఎన్ఏలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న వరుసలు) కిట్లకి ఒక నానోగ్రామ్ లోపు డీఎన్ఏ చాలు. చాలు అన్నంత మాత్రాన ఎక్కువ వేస్తే మంచిదనుకోవద్దు. పీక్‌లు పైకి తన్ని పక్క రంగులోకి చొచ్చుకొస్తాయి, లేని అల్లీల్ (జన్యు రూపం) ఉన్నట్టు కనిపిస్తుంది. రియల్ టైమ్ పీసీఆర్‌తో (డీఎన్ఏని కాపీలు చేస్తూ కొలిచే పద్ధతితో) ముందు కొలవడం అందుకే.

ఏం తప్పుతుంది అంటే, జీన్స్ ప్యాంటు మీది మరకలో నీలి రంగు, మట్టిలోని హ్యూమిక్ ఆమ్లం, రక్తంలోని హీమ్ పీసీఆర్‌ని ఆపేస్తాయి. డీఎన్ఏ ఉన్నా ప్రొఫైల్ రాదు. కిట్‌లోని ఇంటర్నల్ కంట్రోల్ కూడా రాకపోతే "డీఎన్ఏ లేదు" అనుకోకుండా ఎక్స్‌ట్రాక్ట్‌ని కడిగి, పలచన చేసి మళ్లీ నడపాలి. పోల్చడానికి తీసే రక్తం ఈడీటీఏ ట్యూబ్‌లో ఉండాలి, హెపారిన్‌లో తీస్తే అదీ పీసీఆర్‌ని అడ్డుకుంటుంది.

మిశ్రమ ప్రొఫైల్ చదవడంలో స్టట్టర్ గుర్తుపట్టడం అసలు పని. ప్రతి పెద్ద పీక్‌కి నాలుగు బేసుల ముందు చిన్న నీడ లాంటి పీక్ వస్తుంది, సాధారణంగా దాని ఎత్తు 15 శాతం లోపు. అది రెండో మనిషా, నీడా అన్నది ప్రతి లోకస్ (డీఎన్ఏలో పరీక్షించే చోటు) దగ్గరా తేల్చుకోవాలి. ఇది పుస్తకంలో ఒక పేరా. చేతికి రావాలంటే వంద గ్రాఫులు చూడాలి.

#12 హాష్_విలువ

తార్నాక_బాట, సైబర్ పేపర్‌ని వదిలెయ్యకు. రామంతాపూర్ కేంద్ర ల్యాబ్‌లో డిజిటల్ ఆధారాల జాతీయ ల్యాబ్ కూడా నడుస్తోంది, ఈ పనికి మనుషులు కావాలి. జీవశాస్త్రం చదివినవాళ్లకి కూడా కింది మూడూ తెలియాలి.

ఫోన్ దొరికితే ఆన్‌లో ఉంటే ఆన్‌లోనే ఉంచాలి, ఆఫ్ చేస్తే మళ్లీ లాక్ అడుగుతుంది. నెట్‌వర్క్ తెగ్గొట్టాలి, దూరం నుంచి డేటా చెరిపేయకుండా. సిగ్నల్ ఆపే ఫారడే బ్యాగులో వేస్తే ఫోన్ సిగ్నల్ కోసం వెతుకుతూ బ్యాటరీ తినేస్తుంది, పవర్ బ్యాంకు కూడా లోపల పెట్టాలి.

హార్డ్ డిస్కుని రైట్ బ్లాకర్ (డిస్కులో కొత్తగా ఏదీ రాయనివ్వని పరికరం) ద్వారా మాత్రమే కాపీ తీయాలి, తీసిన వెంటనే హాష్ విలువ (డేటా నుంచి లెక్కించే గుర్తింపు అంకె) రాయాలి. ఎస్‌ఎస్‌డీలో కరెంటు ఇస్తే చాలు, అది లోపల తనే చెత్త తుడుచుకుంటుంది, రేపు మళ్లీ హాష్ తీస్తే మారొచ్చు. అందుకే మొదటి కాపీ హాషే ఆధారం. భారతీయ సాక్ష్య అధినియమంలో ఎలక్ట్రానిక్ ఆధారాలకి ఇచ్చే 63వ సెక్షన్ సర్టిఫికెట్ రెండు భాగాలు, ఒకటి ఇచ్చే పార్టీ, రెండోది నిపుణుడు. హాష్ విలువ, ఏ పద్ధతిలో తీశారో రెండూ అందులో నింపాలి.

సీసీ కెమెరా డీవీఆర్ దగ్గర మొదటి పని దాని గడియారాన్ని నీ ఫోన్ టైముతో పక్కపక్కన పెట్టి ఫొటో తీయడం. పదకొండు నిమిషాలు ముందుంటే, మొత్తం ఫుటేజీకి ఆ పదకొండు నిమిషాలు తీసెయ్యాలి. చాటింగ్ డేటాబేస్‌లలో సమయం ఎక్కువగా యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) ఉంటుంది, మనకి 5 గంటల 30 నిమిషాలు కలపాలి. అది మర్చిపోతే రాత్రి మెసేజ్ సాయంత్రం అయిపోతుంది.

#13 బోను_ముందు

క్రిమినల్ లా పేపర్‌ని మార్కుల కోసం బట్టీ పట్టేవాళ్లకి ఒక మాట. పైన చెప్పిన నాగరిక్ సురక్షా సంహిత 329వ సెక్షన్ కింద ప్రభుత్వ నిపుణుల రిపోర్టు వాళ్లు రాకుండానే సాక్ష్యంగా వాడుకోవచ్చు, కావాలనుకుంటే కోర్టు నిపుణుణ్ని పిలిపించవచ్చు. పిలిచినప్పుడు అడిగే ప్రశ్నలు శాస్త్రం మీద కన్నా కాగితం మీదే ఎక్కువ. సీలు ఎవరు విప్పారు? పంపిన నమూనా సీలుతో కలిసిందా? కవరులో ఎన్ని ఐటాలున్నాయి, లెటర్ ఆఫ్ అడ్వైజ్‌లో (నమూనాతో పాటు ల్యాబ్‌కి పంపే లేఖలో) ఎన్ని రాశారు? పరీక్ష చేసిన రోజు బ్లాంక్ ఫలితం ఎక్కడుంది?

రిపోర్టు మాటలు కూడా కొలిచి రాయాలి. "విషం లేదు" అని రాయకూడదు, "వాడిన పద్ధతుల్లో ఫలానా విషాలు గుర్తించబడలేదు" అని రాయాలి. ఫ్యూజివారా ఒక్కటే చేసి "మత్తు పదార్థం లేదు" అంటే పైన చెప్పిన అల్ప్రజోలామ్ దగ్గర దొరికిపోతారు. "ఈ రక్తం నిందితుడిదే" అన్న మాట డీఎన్ఏ రిపోర్టులో కూడా ఉండదు. ప్రొఫైల్ కలిసింది, ఆ కలయిక ఎంత అరుదో లెక్క ఇది అని ఉంటుంది. తీర్పు చెప్పడం మన పని కాదు, దాన్ని మనం మీద వేసుకుంటే క్రాస్ ఎగ్జామినేషన్‌లో రిపోర్టు మొత్తం పడిపోతుంది.

#14 కొత్తగా_చేరా

ల్యాబ్ నోట్సు కంప్యూటర్లో రాసుకోవచ్చా, పుస్తకంలోనే రాయాలా?

#15 బోను_ముందు

విద్యార్థిగా ఉన్నన్నాళ్లూ పుస్తకంలోనే రాయండి. పేజీ నంబర్లు ముద్రించిన బౌండు పుస్తకం, బాల్ పెన్ను. తప్పు పడితే ఒకే గీత కొట్టి పక్కన పొడి సంతకం, తేదీ. వైట్నర్ వద్దు, పేజీ చింపొద్దు. రీఏజెంట్ బ్యాచ్ నంబరు, తయారు చేసిన తేదీ, బ్లాంక్, కంట్రోల్ ఫలితం, సమయం నమూనా ఫలితం కన్నా ముందే రాయండి. పని చేస్తూ రాయాలి. సాయంత్రం గుర్తు తెచ్చుకుని రాసినది నోట్సు కాదు.

#16 తార్నాక_బాట

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. సీరాలజీ, డీఎన్ఏ ముఖ్యంగా పెట్టుకుని, టాక్సికాలజీ రెండోదిగా చదువుతాను. ఒక్క చివరి అనుమానం విసెరా_సీసా అన్నకి. ఫ్యూజివారాలో బ్లాంక్ కూడా లేత గులాబీ వచ్చి, నమూనా ముదురు ఎరుపు వస్తే తేడా చూసి పాజిటివ్ అనుకోవచ్చా?

#17 విసెరా_సీసా

అనుకోవద్దు తమ్ముడూ. బ్లాంక్‌కి ఏ కొంచెం రంగు వచ్చినా ఆ విడత మొత్తం పక్కకి పెట్టు, "బ్లాంక్ రంగు ఇచ్చింది" అని టైముతోని సహా పుస్తకంల రాయి. కొత్త పిరిడిన్ సీసా తియ్యి, కొత్త క్షారం కలుపు, ట్యూబులు మళ్లీ కడుగు. ఆ గదిల క్లోరోఫారం ఎవరన్న వాడుతున్నరా చూసి, వాడుతుంటే వేరే గదికి పో. మూడు ట్యూబులు మళ్లీ పెట్టు. బ్లాంక్ నీళ్ల లెక్క తేటగ ఉన్నప్పుడే నమూనా ట్యూబ్ దిక్కు చూడు. నమూనా మొత్తం ఒక్కసారే వాడెయ్యకుండ సగం దాచిపెట్టమని చెప్పేది ఈ రెండో విడత కోసమే.